జానెడు నీడ

నాగేంద్రమ్మ దోటికి కట్టిన కొడవలితో లెక్చరర్ గారి మెడ కోసిన మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. మార్గశిర మాసం, మూడు కావస్తోంది. లెక్చరర్ గారు బోరు షెడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అంతా చూస్తూనే ఉన్నారు. కోసింది ఆయన్ని కాదు, ఆయన బొమ్మని. పొలం గట్టున రెండు ఇనుప స్తంభాల మధ్య బిగించిన ఇరవై అడుగుల ఫ్లెక్సీలో ఆయన చేతులు జోడించి నవ్వుతూ ఉండేవారు. నాగేంద్రమ్మ మేకలకు వేపరొట్ట కోసుకునే దోటి తెచ్చి, కొడవలి మొనను ఫ్లెక్సీకి తగిలించి కిందికి లాగింది. మొదటి వేటు మెడ దగ్గర పడింది. ఆ పైన నెమ్మదిగా, పని తెలిసిన మనిషిలా, పై అంచు నైలాను కట్లు ఒక్కొక్కటే తెంపుకుంటూ పోయింది. పేరూ డిగ్రీలూ ఉన్న పై సగం మడతపడి, నవ్వుతున్న ముఖాన్ని కప్పేసింది.

కాసేపు ఏమీ జరగలేదు. తరవాత షెడ్డులో మోటారు శబ్దం మారింది. అప్పటిదాకా గొట్టం మూతి నుంచి సన్నగా కారుతున్న నీరు ఒకసారి ఆగి, బుడగలు కక్కి, ఆ తరవాత గొట్టం నిండుగా వచ్చి కాలవలో పడింది. ఆ నీటి కోసం రెండెకరాల మిరపతోట నెల రోజులుగా పూత రాల్చుకుంటూ ఎదురుచూస్తోంది.

నాగేంద్రమ్మ దోటి కింద పెట్టింది. "చూశారుగా సార్" అని, పార భుజాన వేసుకుని సాళ్లలోకి నీళ్ల మడవ తిప్పడానికి పోయింది.

లెక్చరర్ గారు జేబులోంచి చిన్న డైరీ తీసి, గడియారం చూసి, ఏదో రాసుకుని, దాని కింద గీత గీశారు.

ఆయన మొన్న జ్యేష్ఠంలో పోయారు. పెద్దకర్మకు వెళ్లివచ్చాక ఇది రాయాలనిపించింది. పేరు మాత్రం రాయడం లేదు. బతికినన్నాళ్లూ ఆ పేరును ఆయనే చాలినంత పెద్ద అక్షరాల్లో రాయించుకున్నారు.

నేను గుంటూరులో ఇంటర్ చదివే రోజుల్లో ఆయన మాకు ఫిజిక్స్ చెప్పేవారు. చెప్పడమంటే డిక్టేషన్. క్లాసులోకి వస్తూ గుమ్మంలోనే మొదలుపెట్టేవారు. "సిలికాన్ స్ఫటికమునందు, కామా, ఫాస్ఫరస్ మలినమును చేర్చిన యెడల, కామా, ఎలక్ట్రానుల సంఖ్య అధికమగును. ఫుల్‌స్టాప్. అండర్‌లైన్." మేము గీత గీసేవాళ్లం. ఆయనకు ముఖ్యం కాని వాక్యం లేదు కాబట్టి నా నోటుబుక్కులో గీత లేని వాక్యం కోసం వెతుక్కోవలసి వచ్చేది.

ఆ మాట క్లాసుతో ఆగేది కాదు. టీ బడ్డీ దగ్గర "పంచదార తక్కువ, అండర్‌లైన్" అనేవారు. ఆటో ఎక్కి "స్టేషను ఎదర ఆపు. ఎదర. అండర్‌లైన్" అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా బొటనవేలూ రెండు వేళ్లూ కలిపి, లేని చాక్‌పీసుతో గాలిలో అడ్డగీత గీసి, ఆ వేళ్ల మీద ఊదుకునేవారు. రిటైరై పదేళ్లు దాటినా ఆయన వేళ్లకు సుద్ద అంటుతూనే ఉండేది.

ఒకరోజు ధైర్యం చేసి లేచి అడిగాను.

"సార్, ఆ సోలార్ సెల్ ఒకసారి చూపిస్తారా?"

ల్యాబులో ఒకటి ఉందని సీనియర్లు చెప్పారు. ఉంది కూడా. అద్దాల బీరువాలో పై అరన, అట్టపెట్టెలో, నల్లగుడ్డ చుట్టి ఉంది. తాళంచెవి ఆయన దగ్గర ఉండేది.

"చూసి ఏం చేస్తావ్?"

"ఎండలో పెట్టి చూద్దామని సార్. చిన్న బల్బేదైనా వెలుగుతుందేమోనని."

క్లాసు నవ్వింది. ఆయన నవ్వలేదు. "వెలుగు తగిలితే పాడవుతుంది. కాలేజీ ఆస్తి. కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. వెలుగు తాగడానికి తయారైన ఆ బిళ్ల, వెలుగు తగలకుండా, నేను చదివిన రెండేళ్లూ ఆ బీరువాలోనే ఉంది. తనిఖీకి ఎవరైనా వస్తే పెట్టె దింపి, గుడ్డ విప్పకుండా చూపించి, మళ్లీ పైన పెట్టేవారట.

ఆయనకు చదువు రాదని ఎవరూ అనుకోకూడదు. ఆయన చెప్పినదాంట్లో అక్షరం తప్పు ఉండేది కాదు. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఇసుక నుంచి తీసిన సిలికాన్‌ను పల్చటి బిళ్లలుగా కోస్తారు. ఒక పక్క ఎలక్ట్రాన్లు కాస్త ఎక్కువయ్యేట్టు, ఇంకో పక్క కాస్త కొరతపడేట్టు, చిటికెడు వేరే పదార్థాలు చేరుస్తారు. రెండు పక్కలూ కలిసే చోట ఒక సరిహద్దు ఏర్పడుతుంది. వెలుగు రేణువు వచ్చి తగిలినప్పుడు, అణువును అంటిపెట్టుకుని ఉన్న ఎలక్ట్రాన్ ఒకటి ఊడివస్తుంది. సరిహద్దు దాన్ని ఒకే వైపుకు నెడుతుంది, వచ్చిన దారిన వెనక్కి పోనివ్వదు. మళ్లీ సొంత చోటు చేరాలంటే అది బయటి తీగ గుండా, మోటారు గుండా చుట్టు తిరిగి రావాలి. ఆ చుట్టు తిరగడమే కరెంటు. రేణువులో సత్తువ చాలకపోతే ఎలక్ట్రాన్ కదలదు. ఎక్కువైతే మిగిలిన సత్తువ వేడిగా వృథా అవుతుంది. ఒక్కో బిళ్ల ఇచ్చేది అర వోల్టు చిల్లర. మోటారు తిరగడానికి అది ఏ మూలకూ రాదు కాబట్టి బిళ్లలన్నిటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి కడతారు. వరసలో పోయే కరెంటు అన్నిటిలోనూ ఒక్కటే.

ఈ ఆఖరి వాక్యం లెక్చరర్ గారు మాచేత రెండుసార్లు అండర్‌లైన్ చేయించారు.

ఉపమానాలు ఆయనకు గిట్టేవి కావు. ఎవరో కుర్రాడు "అంటే సార్, సినిమా హాల్లో బయటికి పోయే గేటు లాగానా? పోవడమే గానీ రావడం కుదరదు" అన్నాడు. బాగానే చెప్పాడని మాకు అనిపించింది. ఆయన మాత్రం ఎవరో బెంచీ మీద ఉమ్మేసినట్టు చూశారు. "ఉపమానాలు ఆర్ట్స్ గ్రూపు వాళ్లకి. ఇది ఫిజిక్స్."

నేను ఫిజిక్స్ వదిలేసి పేపర్లో చేరాను. ఆయన రిటైరై సొంతూరు చేరారు. చిలకలూరిపేట నుంచి చీరాల పోయే దారిలో రోడ్డు వారనే ఉంటుంది ఆ ఊరు. ఆ రూటులో పని పడ్డప్పుడల్లా దిగేవాణ్ణి. గురుభక్తి అని చెప్పను. ఆయన తోటలో నిమ్మకాయలు బాగుండేవి, వేసవిలో ఆయన ఇంట్లో మజ్జిగ ఇంకా బాగుండేది. మజ్జిగకు బదులుగా ఒక గంట ఫోటాన్ల గురించి వినాలి. ఆ బేరం ఊళ్లో అందరికీ తెలుసు. ఒక పెళ్లిలో సాంబారు బకెట్టుతో వచ్చిన కుర్రవాణ్ణి ఆపి, సిలికాన్‌కు నాలుగు బంధాలుంటాయని మొదలుపెట్టారు. ఆ పంక్తిలో ఆయన తరవాత కూర్చున్న వాళ్లందరూ సాంబారు ఆశ వదులుకుని, పొడి అన్నంతో పెరుగు కోసం ఎదురుచూశారు.

అయిదేళ్ల కిందట ఆయన పొలంలో సోలార్ పంపు పెట్టారు. పదహారు పలకలు, రెండు వరసలు, అన్నీ ఒకే తీగ మీద. ఏడెకరాల చెక్క అది. అయిదెకరాల నిమ్మతోట ఆయన చూసుకునేవారు. మిగతా రెండెకరాలు నాగేంద్రమ్మ కౌలుకు చేసి మిరప వేసేది. కౌలుకు కాగితం లేదు. ఏటా తొలకరికి ముందు వెళ్లి నిలబడి అడిగితే, ఆయన "సరే చేసుకో" అంటే చేసుకోవడం, అంతే. నీళ్ల వంతులు మాత్రం ఆయన డైరీలో రాసి ఉండేవి. పొద్దున్నుంచి రెండింటి దాకా నిమ్మకు. రెండు నుంచి పొద్దుగూకే దాకా మిరపకు.

పంపు పెట్టిన కొత్తలో టీ బడ్డీ దగ్గర ఒక రైతు అన్నాడు, "ఇక రోహిణి ఎండలకు మీ మోటారు ఎగిరెగిరి పడద్దిలెండి సార్."

"పడదు. అప్పుడే తగ్గుతుంది."

"అదేందండి? ఎండ ముదిరేకొద్దీ కరెంటు రావాలి గదా? కాయలు ఎండేది వేడికే."

"నేను కాయల గురించి చెప్పడం లేదయ్యా. దానికి కావలసింది వెలుగు. వేడెక్కితే బిళ్ల ఇచ్చే వోల్టేజి పడిపోతుంది. పుష్యమాసపు ఎండ దానికి పండగ. అండర్‌లైన్."

బడ్డీ దగ్గర వాళ్లు చాటుగా నవ్వుకున్నారు. కానీ ఆయన చెప్పింది నిజం. మండువేసవిలో పలకల మీద నీళ్లు చల్లించి, మోటారు ఊపందుకోవడం వాళ్లకు చూపించారు కూడా. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న ఆనందం చూసి నాకు కాస్త సిగ్గేసింది, అన్నేళ్లుగా మజ్జిగ కోసమే వెళుతున్నందుకు. ఆ సిగ్గులోనే ఒక వార్త రాశాను. "సౌరశక్తితో సాగు: విశ్రాంత అధ్యాపకుడి ఆదర్శం" అని శీర్షిక. నిజానికి వార్త ఆయనే రాసిచ్చారు. నేను అండర్‌లైన్లు తీసేశాను.

వారం తిరగకుండా ఆ బోర్డు లేచింది. ఎడమవైపు ముప్పై ఏళ్ల కిందటి ఫోటో, జోడించిన చేతులు. కుడివైపు నా వార్త, తలుపంత పెద్దది. పైన ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పేరు, ఎమ్మెస్సీ, ఎంఫిల్. పలకలకు నైరుతి మూల, రోడ్డువైపు గట్టున పాతించారు. బస్సులో పోయేవాళ్లు చదవాలి కదా. ఎవరూ ఏమీ అనలేదు. మా జిల్లాల్లో ప్రతి మలుపులో ఎవరో ఒకరు చేతులు జోడించి నవ్వుతూనే ఉంటారు. ఈయన కనీసం పాఠం చెప్పినవాడు.

వైశాఖంలో సూర్యుడు నడినెత్తిన నడుస్తాడు. బోర్డు నీడ దాని కాళ్ల దగ్గరే ఉండిపోయేది. కార్తీకం దాటేసరికి సూర్యుడు దక్షిణానికి జారాడు. మధ్యాహ్నం రెండున్నరకు ఆ బోర్డు పై అంచు నీడ గడ్డి మీదుగా పాకి, కింది వరస పలకల అడుగు అంచును ఎక్కడం మొదలుపెట్టింది. అదీ జానెడు. నాగేంద్రమ్మ వంతు మొదలయ్యేది రెండింటికి. మిరప సరిగ్గా పూతలో ఉంది.

మొదట ఆమె వెళ్లి చెప్పింది.

"సార్, నీళ్లు సగంలో ఆగిపోతన్నాయండి. అర్ధగంట బాగా వచ్చి, ఆ తరవాత గొట్టం నీరసిస్తంది. ఆఖరి సాళ్లకి చుక్క అందట్లేదు."

"మబ్బు పట్టి ఉంటుంది."

"మబ్బెక్కడుందండి?"

"పైన పల్చటి పొర ఉంటుందమ్మా. నీ కంటికి ఆనదు."

ఆ తరవాత వారం దుమ్ము అన్నారు. నాగేంద్రమ్మ రోజూ తెల్లారకముందే తడిగుడ్డతో పదహారు పలకలూ తుడిచింది. ఆ తరవాత బోరులో నీటిమట్టం అన్నారు. పొద్దున నిమ్మతోటకు నిండుగా వచ్చే నీరు మధ్యాహ్నానికి ఎలా లోతుకు పోతుందని ఆమె అడిగింది. దానికి జవాబుగా సిలికాన్‌లో మలినాలు బయటపడ్డాయి. కంపెనీకి మూడు ఉత్తరాలు వెళ్లాయి. ఇంగ్లీషులో, పేరాకు రెండు గీతలతో.

ఉత్తరాలకు భయపడో ఏమో, ఒంగోలు నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. మీటరు పెట్టి చూసి, తల తిప్పి బోర్డు వైపు చూసి, "సార్, ఆ బోర్డు..." అన్నాడు.

"నీ క్వాలిఫికేషన్ ఏంటి?"

"ఐటీఐ అండి."

"సిలికాన్ ఎనర్జీ గ్యాప్ ఎంత?"

అతను మీటరు సంచిలో పెట్టుకున్నాడు.

"తెలీదా?"

"తెలీదండి. నీడ మటుకు తెలుసు" అని, బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. ఈ సంభాషణ నాకు నాగేంద్రమ్మే చెప్పింది, అతని గొంతుతో సహా.

మార్గశిరంలో నేను దిగిన రోజుకు ఆమె మిరప సాళ్లలో నడుస్తుంటే కాళ్ల కింద తెల్లగా పూత పరచుకుని ఉంది. నీళ్లు అందని మిరప ముందు చేసే పని అదే, పూత దులిపేసుకోవడం. పూత పోయాక నీళ్లు ఎన్ని పెట్టినా ఆ కాత తిరిగి రాదు. ఆమె భర్త ట్రాక్టర్ తోలుతూ పొరుగూళ్లలో ఉంటాడు. తోట ఈమె చేతి మీదే నడుస్తుంది.

ఆమె లెక్చరర్ గారి కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది.

"బోర్డు నీడ పడతందండి సార్. రెండున్నరకి మొదలయ్యి పొద్దుగూకిందాకా పోదు. దాన్ని ఇంకో గట్టుకి మార్పించండి."

"ఎంత పడుతుంది?"

"జానెడు."

ఆయన డైరీ తెరిచారు. "పలకల ఎత్తు రెండు వరసలూ కలిపి ఇరవై జానలు. నీడ ఒక జాన. ఇరవయ్యో వంతు. అంటే నష్టం నూటికి అయిదు. నువ్వేమో నీళ్లు మొత్తం పోయాయంటున్నావు. పొంతన ఉందా?" నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పవోయ్. నా స్టూడెంటువి."

నాకు లెక్క సరిగ్గానే ఉన్నట్టు తోచింది. రెండుసార్లు గీత గీసిన వాక్యం నాకూ గుర్తు రాలేదు, గీయించిన ఆయనకూ రాలేదు.

కల్లంలో కాయలు ఆరబోసేవాళ్లకు నీడ ఎటు నడుస్తుందో గడియారం చూడకుండా తెలుస్తుంది. నీడ నిలిచిన చోట కాయ ఎర్రబడదు, చెమ్మ పట్టి పాలిపోతుంది. నాగేంద్రమ్మ అక్కడి నుంచే మొదలుపెట్టింది.

"అట్టా కాదండి. మేము గుంటూరు యార్డుకి బస్తా తీసుకుపోతామా. కొనేవాడు లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు. దాంట్లో నాలుగు చెమ్మ కాయలు తగిలినయ్యనుకోండి. 'ఈ నాలిటికే తగ్గిస్తాలే, మిగతాది బాగుంది' అంటాడా? బస్తా మొత్తానికీ చెమ్మ రేటే కడతాడు. మీ పలకలు కూడా అట్టానే చేస్తన్నాయేమోనండి. నీడలో ఉన్న ముక్క ఎంతిస్తే వరసంతా అంతే ఇస్తంది."

నేను ఆమె వైపు చూశాను. నలభై మంది పిల్లలం రెండేళ్లు గీతలు గీసి తెలుసుకోలేకపోయిన సంగతి అది.

"ఉపమానం" అన్నారు లెక్చరర్ గారు, తిట్టులాగా. "చెమ్మ కాయలకీ సెమీకండక్టర్‌కీ సంబంధం లేదు. అండర్‌లైన్."

"గీత మీరు గీసుకోండి సార్. అవతల నా పూత రాలిపోతంది. మీరు తీయించకపోతే నేను తీసేస్తా."

"చెయ్యి వేశావంటే పోలీస్ రిపోర్టు ఇస్తాను."

"ఇవ్వండి. ఇదే ముక్క అక్కడ కూడా చెప్తా. ఆళ్లకైనా ఎక్కుద్దేమో."

దోటి తెచ్చుకోవడానికి పోతూ నా దగ్గర ఆగింది. "పేపరు బాబుగారూ, మీరు రాసింది కూడా దాంట్లోనే ఉందండి. ఏమనుకోమాకండి."

నేను ఏమీ అనుకోలేదు. ఏమీ అనలేదు కూడా. గొడవ జరిగే చోట పక్కకు జరిగి నిలబడి చూడటం మా వృత్తిలో అందరికీ అబ్బుతుంది. ఆ మధ్యాహ్నం ఆమెకు అడ్డం వెళ్లలేదని నేను గొప్పగా చెప్పుకోవడానికి లేదు. అంతకుముందు ఆమె తరపున ఒక్క మాటా మాట్లాడలేదు.

ఫ్లెక్సీ ఒరిగి, నీళ్లు నిండుగా వచ్చాక జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. లెక్చరర్ గారు కుర్చీలోంచి లేచి పలకల దగ్గరకు నడిచారు. భుజం మీది కండువా తీసి కింది వరసలో ఒక పలక అడుగు అంచున పరిచారు. మోటారు గొంతు కొంచెం తగ్గింది. కండువా తీశారు, పెరిగింది. పక్క పలక మీద పరిచారు, మళ్లీ తగ్గింది. ఇంకో పలక. ఇంకోటి. వంగి, చెవి షెడ్డు వైపు పెట్టి, వింటున్నారు. తెల్లటి కనుబొమల కింద కళ్లు చిన్నపిల్లాడివయ్యాయి. బీరువాలోంచి పెట్టె దింపి ఆ నల్లగుడ్డ ఎప్పుడూ విప్పని మనిషి, డెబ్భై ఏళ్ల వయసులో, మొట్టమొదటిసారి తన పాఠాన్ని చేత్తో ముట్టుకుంటున్నాడు. నేను ఆయన్ని ఇష్టపడ్డది ఆ పది నిమిషాలే.

తోటలోంచి నాగేంద్రమ్మ కేక వినిపించింది. "సార్, ఆ గుడ్డ తీయండి. నీళ్లు తగ్గుతన్నాయి."

తీశారు. ఆమెతో మాత్రం ఏమీ అనలేదు. నాకు మజ్జిగ కూడా ఇవ్వలేదు.

రెండు వారాల తరవాత పోస్టులో ఆరు పేజీల వ్యాసం వచ్చింది. "సౌరఫలకములపై పాక్షిక ఛాయా ప్రభావము: ఒక క్షేత్ర పరిశీలన." నీడ పడిన బిళ్ల వరస మొత్తాన్ని ఎలా కుంటుపరుస్తుందో శాస్త్రీయంగా, తప్పు లేకుండా రాశారు. బోర్డును "ఒకానొక అవరోధము" అన్నారు. అది "యాదృచ్ఛికముగా తొలగింపబడినది." నాలుగో పేజీలో మిరపకాయల బస్తా ఉంది. కొనుగోలుదారు చెయ్యి లోపలికి పెట్టడం, గుప్పెడు చెమ్మ కాయలు, బస్తా మొత్తానికీ ధర పడిపోవడం, అన్నీ ఉన్నాయి. దాని కింద "సామాన్యులకు సుబోధకముగా ఉండుటకై రచయిత స్వయముగా రూపొందించిన ఉదాహరణ" అని ఉంది. రెండు గీతలు.

ఫోన్ చేశాను. "ఆ బస్తా ఉదాహరణ నాగేంద్రమ్మది కదా మాస్టారూ. ఆ ముక్క చేరిస్తే వేస్తాను."

"ఆవిడ ఏదో కాయల గురించి మాట్లాడిందోయ్. దాన్ని ఫిజిక్స్‌కి అన్వయించింది ఎవరు?"

"ఆవిడే. నేను విన్నాను."

"నువ్వు ఇంటర్లో కూడా ఇంతే. చెప్పింది రాసుకోకుండా ప్రశ్నలు వేసేవాడివి" అని పెట్టేశారు. వ్యాసం వేయలేదు. అది ఆయన్నేమీ ఆపలేదు. బడ్డీ దగ్గర, బస్సులో, పెళ్లిళ్లలో ఆ బస్తా విప్పుతూనే పోయారు. ఉపమానాలు గిట్టని మనిషికి అదొక్కటి అంత తీపిగా తగిలింది. ఆయన చెబుతుంటే నాగేంద్రమ్మ పక్కనే నిలబడి విన్న సందర్భం ఒకటి ఉందని ఊళ్లోవాళ్లు చెప్పారు. ఆమె మొత్తం విని, "బాగా చెప్పారండి సార్. మా యార్డు సంగతి మీకు బాగా తెలుసు" అందట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వితే ఆయన కూడా నవ్వారట.

బోర్డును ఉత్తరపు గట్టుకు మార్పించారు, కొత్త ఫ్లెక్సీతో. నా వార్త తీసేసి, ఆ చోట వ్యాసంలోంచి ఒక పేరా వేయించారు. అక్కడ దాని నీడ దేనిమీదా పడదు. చదివేది నిమ్మచెట్లే.

ఆ ఏడు మొదటి పూత మొత్తం పోయింది. రెండో పూత నిలబడింది. నాగేంద్రమ్మ ఆలస్యంగా, తక్కువగా, అయినా ఎర్రటి కాయే కోసింది. కల్లం మీద ఒక్క చెమ్మ కాయ ఉండనివ్వలేదు. ఆ తరవాత నుంచి కౌలు అడగడానికి వెళితే లెక్చరర్ గారు "సరే చేసుకో" అనడం మానేశారు. "చూద్దాం" అనేవారు. బోర్డు సంగతి ఎత్తేవారు కాదు, ఆమెను పొమ్మనేవారు కాదు. చూద్దాం అన్న మాట మీదే ఆమె ఏటా నాటుకుంది. ఈ ఏడు వైశాఖంలో కూడా అదే మాట అన్నారు. జ్యేష్ఠంలో పోయారు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఆమె పందిరి గుంజ దగ్గర నిలబడి ఉంది. లెక్చరర్ గారికి పిల్లలు లేరు. పొలం చీరాలలో చీరల కొట్టు నడిపే తమ్ముడి చేతికి వస్తుంది. ఆయన చేతులు కడుక్కుని వస్తుంటే అడిగింది.

"బాబూ, రెండెకరాల సంగతి ఏం చెప్తారండి?"

"ముందు ఈ పనులన్నీ కానీయమ్మా."

"అయిపోయినాయి గదండి. అదను దాటిపోద్ది."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి, నేను పేపరువాణ్ణని తెలిసినందుకో ఏమో, వివరంగా చెప్పాడు. "సబ్‌స్టేషన్ దగ్గర పొలం కదండీ. ఒక కంపెనీ వాళ్లు అడుగుతున్నారు. ఏడెకరాలూ తీసుకుని మొత్తం పలకలు పరుస్తారట. నిమ్మతోట కూడా కొట్టేస్తారట. ఇంకా ఏమీ అనుకోలేదు. ఇంట్లో మాట్లాడుకోవాలి."

"మరి నారు పోసుకోనా, మాననా బాబూ?"

"పోసుకో. పోసుకుంటే తప్పేముంది."

నాటుకోమని ఆయన అనలేదు. అది ఆమెకూ వినిపించింది. అయినా ఆ వారమే తన ఇంటి వెనక నాలుగు మళ్లు కట్టి విత్తనం చల్లింది. నిన్న ఫోన్ చేసి అడిగాను. నారుకు నలభై రోజులు నిండాయట. మిరప నారు అంతకు మించి మడిలో ఉంటే ముదిరిపోతుంది. చీరాల నుంచి ఇంకా ఏ కబురూ లేదు.